బాడుగకుండే ఆమె

కువైట్‌లోని సల్వాలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఆమె ఫోన్లో మాట్లాడుతోంది. కువైటీల ఇంట్లో పిల్లలను చూసుకునే మనిషి, యాస కడపది.

"రేపు ఆఫీసోళ్లు ఇల్లు చూసేకి వస్తారు గదా. ఇంగో మంచం తెప్పిచ్చి పక్క రూములో వెయ్యి. మన ఫోటో తీసెయ్. ఆ మంచమెవురిదని అడిగితే బాడుగకుండే ఆమెదని చెప్పు."

అవతల ఆడగొంతు వినిపించింది. ఫోన్ పెట్టేశాక, చెల్లెలా అని అడిగాను. మళ్లీ కలిసేది లేదనుకుందేమో, దాచలేదు.

"మొగుడూ పెండ్లాల మాదిరి బతుకుతాండామక్కా. ఈ నెలతో ఈడ ఖలాస్, ఇంటికి పోతాండా. ఆ ఆఫీసోళ్లు అమ్మానాయన లేని పాపను ముందు సాకేదానికిచ్చి, తర్వాత దత్తతిస్తారంట. ఒంటి ఆడదానికైతే ఇస్తారు, అందుకే దాని పేరుతోనే పెట్టినాం. ఇద్దరాడోళ్లకు కలిపి ఇయ్యరు."

"మరి పాప మిమ్మల్నేమని పిలుస్తుంది?"

"ఆంటీ అని." నవ్వబోయి ఆగిపోయింది. "ఈడ మా మేడం కన్న ముగ్గురినీ పురిట్లోంచి నేనే సాకినా. నువ్వెట్లాంటిదానివని ఎవురూ అడగలే."

మంగఫ్‌లో దిగేముందు, ఎవరికీ చెప్పొద్దంది. ఆ పాప వచ్చిందో లేదో నాకు తెలియదు.

నాకు ఇద్దరు పిల్లలు. వాళ్లను కనడానికి నేను తగిన మనిషినా కాదా అని చూడటానికి ఎవరూ రాలేదు.