ఆబిడ్స్‌లో వదిన చూసిన ఊరేగింపు

దయ్యాలని ఎవరన్నా అంటే ముందు నవ్వేవాణ్ణి నేనే. సర్కారు ఆఫీసులో గుమస్తాను, కాగితం మీద లేనిదేదీ నాకు లేనట్టే లెక్క. అయినా ఇది రాస్తున్నాను. నమ్మితే నమ్మండి, లేకుంటే లేదు.

మా అన్న యుద్ధం రోజుల్లో పటాలంలో చేరి తూర్పు దేశాలకు పోయాడు. సింగపూర్ నుంచి ఒక ఉత్తరం వచ్చింది, అంతే. ఉన్నాడని చెప్పినవాళ్లు లేరు, పోయాడని చెప్పినవాళ్లూ లేరు. నాంపల్లిలో రెండు గదుల కిరాయి ఇంట్లో అమ్మ, నేను, వదిన. వదినను పేరంటానికి పిలవాలో వద్దో ఇరుగుపొరుగుకు కూడా తెలిసేది కాదు.

అప్పటికి పోలీసు చర్య అయి ఐదారేళ్లయింది. ఎండాకాలం, పగలు పదకొండు గంటలు. వదినతో ఆబిడ్స్ చౌరస్తా దాటుతున్నాను. ఆమె ఉన్నట్టుండి నిలబడిపోయింది.

"గీ పెండ్లి ఎవరిది నర్సింలూ? అందరు తెల్లబట్టలే కట్టిన్రు. బాజాలు లేవేంది? మొగోళ్లు గూడ చెవుల పూలు పెట్టుకున్నరు సూడు."

నాకు రెండు రిక్షాలు, ఒక బస్సు తప్ప ఏమీ కనిపించలేదు. ఎండదెబ్బేమో అనుకున్నాను. చంకల్లో పిల్లలట, ఆడవాళ్లు ఒంటిమీది బంగారం ఊడదీసి ముందుకు విసురుతున్నారట. "అగో, మీ అన్న!" అంటూ రోడ్డు మీదికి ఉరికింది. రెక్క పట్టుకుని ఆపాను గానీ, లేకుంటే బస్సు కింద పడేదే.

ఆ రోజు నుంచి వదిన మనిషే మారిపోయింది. "పెండ్లికి పోయినోడు జర ఆలస్యంగనే వస్తడు, ఫికర్ జెయ్యకు అత్తమ్మా" అని అమ్మకే ధైర్యం చెప్పేది. ఇన్నేళ్లకు ఆమె నవ్వుతుంటే నాకూ సంతోషంగానే ఉండింది.

వానాకాలంలో కోఠిలో పాత పుస్తకాలు తిరగేస్తుంటే ఒక ఇంగ్లీషు పుస్తకంలో బాలి ద్వీపం గురించి కనిపించింది. అక్కడి ఒక ఊరి నడుమ పెద్ద మైదానం, దాని ఫోటో. దాదాపు యాభై ఏళ్ల కిందట డచ్చి సైన్యం వచ్చి పడితే, లొంగడం ఇష్టం లేక అక్కడి రాజు, రాణులు, పిల్లాజెల్లా అందరూ తెల్లబట్టలు కట్టి, పూలు పెట్టుకుని తుపాకులకు ఎదురు నడిచి ప్రాణాలు విడిచారట. ఆడవాళ్లు నగలు తీసి సిపాయిల మొహాన కొట్టారట. ఆ మైదానం వాళ్ల గుర్తుగా మిగిలిందట.

ఆ పేజీ రెండోసారి చదివాను. వదినకు చదువు రాదు. బాలి మాట మా ఇంట్లో ఎన్నడూ రాలేదు. పైగా అది జరిగేనాటికి మా అన్న పుట్టనే లేదు. మరి వాళ్ల మధ్య ఏం చేస్తున్నట్టు?

పుస్తకం అక్కడే పెట్టేసి ఇంటికొచ్చాను. ఎవరికీ చెప్పలేదు. ఆమె నవ్వు పోగొట్టడానికి నాకు నోరు రాలేదు.

కొద్ది రోజులకు పెత్తరమాస వచ్చింది. ఆనాడు ఇంట్లో చనిపోయిన పెద్దల పేర్లు ఒక్కొక్కటే చెప్పి అయ్యగారికి బియ్యం ఇస్తాం. అమ్మ మా తాత పేరు, నాన్న పేరు చెప్పింది. అయ్యగారు మూట కడుతుంటే వదిన చాటలో బియ్యం తెచ్చింది.

"జర ఆగుండ్రి అయ్యగారూ" అని, పెళ్లయిన నాటి నుంచి ఒక్కసారి కూడా నోట పలకని మొగుడి పేరు గట్టిగా చెప్పింది.

అమ్మ గొల్లుమంది. వదిన నా వైపు తిరిగింది.

"అది పెండ్లి కాదు గదా, నర్సింలూ."

ఆమెకు ఎవరు చెప్పారో ఈనాటికీ నాకు తెలియదు. నేను మాత్రం చెప్పలేదు.