రూతమ్మ షెడ్డులో పాట

1996 ఎండాకాలం. ఇప్పుడు విమానాలు దిగే శంషాబాద్ వైపు అప్పట్లో ఎటు చూసినా కోళ్ల షెడ్లే. ఒక కోళ్ల కంపెనీ తరఫున వాటికి నేను సూపర్‌వైజర్‌ని. కోడిపిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, చాకిరీ రైతువి. మోపెడ్ మీద ఊరూరా తిరిగి పిల్లలు ఎట్లా పెరుగుతున్నాయో చూడడం నా పని. పిల్ల అరుపు వింటే దానికి చలేస్తోందో, ఆకలేస్తోందో చెప్పేవాణ్ణి. గొప్పలు కాదు, నిజంగానే చెప్పేవాణ్ణి.

తొండుపల్లిలో యేసుదాసు షెడ్డంటే నాకు మహా ఇష్టం, అంత శుభ్రంగా ఉంచేవాడు. ఆ ఏడు కొత్త పిల్లలు దిగిన వారానికే, రేకులు సర్దుతూ పైనుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నాడు. తమ్ముణ్ణి తోడిచ్చి పట్నం దవాఖానలో చేర్చారు. షెడ్డు అతని భార్య రూతమ్మ నెత్తిన పడింది. ఈ బ్యాచ్ చెడితే కంపెనీ ఇక పిల్లల్ని వేయదని నేనే ఆమెకు చెప్పాల్సి వచ్చింది. వాళ్లకు వేరే బతుకుతెరువు లేదు.

మర్నాడు వెళ్లేసరికి రూతమ్మ బకెట్‌ను తలుపుకు కొట్టుకుంటూ లోపలికి ఉరుకుతోంది. పిల్లలన్నీ బెదిరి మూలకు పరుగెత్తాయి. దీన్ని మేం పైలింగ్ అంటాం. భయపడ్డ పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్పపడతాయి, అడుగున ఉన్నవి ఊపిరాడక చస్తాయి. ఆ రోజు కొన్ని చచ్చాయి కూడా. ఆమె కింద పరిచిన ఊక మీదే కూలబడింది.

"అన్నా, నాకేం సమజైతలేదు. ఆయన దవాఖానల, నా పానం అక్కడనే కొట్టుకుంటున్నది. ఇవేమో నన్ను జూస్తెనే సస్తున్నయి."

"నువ్వు పరేషాన్‌ల ఉరికొస్తున్నవ్ చెల్లె, అవి గూడ పరేషాన్ అయితున్నయి. రోజూ తలుపు కాడ ఒక్క తీరు సప్పుడు చెయ్యి. దగ్గు, లేకుంటే పాట పాడు. వచ్చేది నువ్వేనని ఎరుకైతే బెదరవు."

"నాకేం పాటలొస్తయన్నా? చర్చిల పాడేటియే."

"ఏ పాటైతేంది? పాడు."

ఇది మా వృత్తిలో పాత కిటుకే. కొందరు ఈల వేస్తారు, కొందరు రేడియో పెడతారు. రూతమ్మ మాత్రం తలుపు దగ్గర నిలబడి, కళ్లు మూసుకుని, ఒక్క మాట ప్రార్థన చేసి పాట ఎత్తుకునేది. మొదట్లో గొంతు వణికేది, ఏడుపొచ్చి మధ్యలో ఆగిపోయేది. రానురాను పాట సాగింది. నడక నిదానమైంది, బకెట్లో నీళ్లు ఒలకడం మానాయి. ఆ గొంతు వినగానే పిల్లలు దాణా గిన్నెల దగ్గరికి వచ్చేవి. "నాకంటె నీ కోళ్లకే భక్తి ఎక్కువున్నది" అని ఆటపట్టిస్తే నవ్వింది. భర్త పడ్డాక ఆమె నవ్వగా చూడడం నాకదే మొదలు.

ఒక సాయంత్రం కోళ్ల బరువులు చూద్దామని వెళ్లాను. మేం బయట మాట్లాడుతుండగా రోడ్డు మీదుగా ఒక పెళ్లి బరాత్ వచ్చింది. బ్యాండు, దాని ముందు పటాకులు. ఒక పటాకుల లడీ షెడ్డు ఇనుప జాలీ పక్కనే పేలింది. పిల్లలన్నీ ఒక్కసారిగా లేచి మూలకు పోయాయి. కళ్లముందే కుప్ప పెరుగుతోంది. నేను తలుపు వైపు దూకబోతే రూతమ్మ నా చెయ్యి పట్టి ఆపింది.

"ఉరకకు అన్నా. జర ఆగు. నేను పోత."

ఆమె రోజూలాగే తలుపు దగ్గర నిలబడి కళ్లు మూసుకుంది. నాకు ఒళ్లు మండింది. లోపల పిల్లలు చస్తుంటే ఇప్పుడా ప్రార్థన! ఆమె ఒక్క మాట అనుకుని, బకెట్ అందుకుని, రోజూ పాడే పాటే రోజూ పాడే గొంతుతో పాడుతూ నడిచింది. బయట పటాకులు పేలుతూనే ఉన్నాయి. కుప్ప అంచున ఉన్న పిల్లలు తలలు తిప్పాయి. ముందు ఒకటి, ఆ వెనక నాలుగైదు, తర్వాత గుంపులుగా వచ్చి ఆమె కాళ్ల చుట్టూ చేరాయి. మూల ఖాళీ అయ్యాక వెళ్లి చూశాను. అడుగున కొన్ని సొమ్మసిల్లాయి గాని ఒక్కటీ చావలేదు.

"భయం కాలేదా చెల్లె?"

"ఎందుకు కాదన్నా, మస్తు భయమైంది. 'ప్రభువా, ఇవి నీయి, నేను నీదాన్ని' అని చెప్పిన. చెప్పినంక పాడబుద్ధైంది."

నా కింద ఉన్న షెడ్లన్నిటిలోకి ఆ బ్యాచే బాగా పెరిగింది. మళ్లీ పిల్లల్ని వేస్తామంది కంపెనీ. కోళ్లు లారీకెక్కిన మర్నాడు ఆ మాట చెప్పడానికి, నేనే గెలిచినంత గర్వంగా వెళ్లాను. యేసుదాసు ఇల్లు చేరాడు. షెడ్డు ముందు మంచం మీద పడుకుని ఉన్నాడు. లోపల రూతమ్మ ఖాళీ షెడ్డు ఊడుస్తూ పాడుతోంది.

"కోళ్లు పోయినయి గద చెల్లె, ఇగ ఎవరికి పాడుతున్నవ్?"

"ఇన్ని రోజులు కోళ్లకే పాడుతున్ననుకున్నవా అన్నా?"

మంచం మీంచి యేసుదాసు తర్వాతి చరణం అందుకున్నాడు.

ఆ కిటుకు తర్వాత ఎంతోమంది రైతులకు నేర్పాను. తలుపు దగ్గర ఏం చెయ్యాలో నేను చెప్పగలను. కానీ చుట్టూ పటాకులు పేలుతున్నప్పుడు గొంతు తొణకకుండా ఉండే నెమ్మది ఎక్కడ దొరుకుతుందని అడిగితే, తొండుపల్లి రూతమ్మ సంగతి చెబుతాను.