తెరిచినందుకు కూలి

తాళాలాయన అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. తాళంచెవి పారేసుకున్నవాళ్ళు ఆదరాబాదరాగా పరిగెత్తుకొస్తారు, పేరడిగే తీరిక వాళ్ళకెక్కడిది. మూడడుగుల వెడల్పు కొట్టు, చెవులు కోసే మిషను, రెండు ఆకురాళ్ళు, గోడనిండా మేకులకు వేలాడే చెవులు, ఇంతే ఆయన ఆస్తి. కొట్టు మీద బోర్డు మాత్రం ఆయన స్వదస్తూరి: "తాళం తెరుచుటకు రెండు వందలు. ఇంటికి వచ్చినచో మూడు వందలు. అరువు లేదు." దాని కింద, వేరే రంగులో, తర్వాత ఎప్పుడో కలిపిన మాట: "బంధువులకు కూడా."

ఆ చివరి మాట వెనక ఆయన పడ్డ బాధలు చాలా ఉన్నాయి. ఒకప్పుడు చుట్టాల తాళాలన్నీ ఊరికే తెరిచిపెట్టేవాడు. చుట్టాలు చెవులు జాగ్రత్త పెట్టుకోవడమే మానేశారు. చివరికి తల ప్రాణం తోకకొచ్చి, ఉచితంగా తాళం ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాడు. మనిషి మెత్తనివాడే గాని, ఒట్టు విషయంలో ఉక్కుముక్క.

ఇంత గట్టివాడూ సెలవులొచ్చేసరికి, ఇంటిల్లిపాదీ సముద్రానికి వెళ్ళే ఖర్చుకు, బావమరిది దగ్గర అప్పు చేసేవాడు. బావమరిది వడ్డీ అడిగే రకం కాదు. అడిగినా బాగుండేది. "వడ్డీ దేనికి బావా, నేనూ వస్తాను, అంతే" అనేవాడు. వచ్చేవాడు. బస్సులో కిటికీ పక్క సీటు ఆయనది. గదిలో ఫ్యాను కింద మంచం ఆయనది. తాళాలాయన కూతురు ఐస్‌క్రీం అడిగితే, "ఇప్పుడిది అవసరమా?" అని నెమ్మదిగా, ప్రేమగా అడిగేవాడు. ఆ ప్రశ్నకు ఐస్‌క్రీం కరిగిపోయేది. మూడేళ్ళుగా సముద్రం దగ్గర తీయించుకున్న మూడు ఫొటోల్లోనూ మధ్యలో నిలబడ్డది ఆయనే. మొగుడూ పెళ్ళాం చెరో పక్కన, పిల్ల ఆయన చంక కింద.

మూడో ఫొటో గోడకు తగిలించిన రోజున తాళాలాయన భార్య కాసేపు దాన్నే చూసింది. ఆవిడ కళ్ళద్దాల కొట్లో ఫ్రేములు బిగిస్తుంది. ఆవగింజంత మరలతో పని, ఓర్పెక్కువ. "తమ్ముడు మంచివాడే," అంది. "కానీ వచ్చే ఏడు మనం ముగ్గురమే వెళ్ళాలండీ. అప్పు లేకుండా."

అందుకని తాళాలాయన దళసరి ఇనుప పెట్టె ఒకటి చేశాడు. మూతకు డబ్బులు వేయడానికి సన్నటి చీలిక పెట్టాడు. ఏడు లీవర్ల తాళం బిగించాడు. ఆ తాళంచెవిని పెళ్ళాం, కూతురు చూస్తుండగా మురిక్కాలవలో పడేశాడు. పదేళ్ళ కూతురు చప్పట్లు కొట్టింది. భార్య కొట్టలేదు. చెవి లేకపోతే తెరవలేనివాళ్ళం మనం, ఆయన కాదుగా అని ఆవిడ ఆలోచన.

అనుకున్నట్టే పదో రోజు ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేరనుకుని, తాళాలాయన వంకీ తీగతో పెట్టె ముందు కూర్చున్నాడు. పక్క వీధిలో ఎవరో పాత డ్రిల్లు అమ్ముతున్నారు, బయానా వంద చాలన్నారు. రెండు నిమిషాల్లో మూత లేచింది. తల తిప్పితే భార్య గుమ్మంలో నిలబడి ఉంది.

"తెరిచారా?" అందావిడ.

"ఊరికే, తాళం బాగా పనిచేస్తోందో లేదో అని" నీళ్ళు నమిలాడు.

"మరి కూలి ఎవరిస్తారు?"

"ఎవరికి?"

"మీకే. బోర్డు మీరు రాసిందేగా. బంధువులకు కూడా అని ఉంది. మీకు మీరు బంధువు కారా?"

తాళాలాయన ఆలోచించాడు. ఎంత ఆలోచించినా అందులో తప్పు దొరకలేదు. "అయితే రెండొందలు" అన్నాడు.

"ఇంటికి వచ్చినచో మూడొందలు."

"నేను రావడమేమిటి, ఇక్కడే ఉంటానుగా!"

"రోజూ సాయంత్రం ఎక్కణ్ణించి వస్తున్నారు మరి?"

తీసిన వంద లోపలే పెట్టి, జేబులోంచి మూడొందలు తీసి పెట్టెలో వేశాడు. డ్రిల్లు పోయిందని బాధగానే ఉన్నా, ఒక పని చేసి కూలి గిట్టించుకున్న తృప్తీ ఉంది. తన పేరున తనే రసీదు కూడా రాసుకున్నాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో జరిగింది వింటే ఎవరైనా ముక్కున వేలేసుకుంటారు. కంటికి చెప్పులు నచ్చినా, నోటికి ఏదైనా తినాలనిపించినా ఆయన పెట్టె తెరిచేవాడు. వంద తీద్దామని తెరిచి మూడొందలు వేసి మూసేవాడు. ఒకసారి తనను తానే తగ్గించమని బతిమాలుకున్నాడు, ఒప్పుకోలేదు. ఇంకోసారి రేపిస్తానన్నాడు, అరువు లేదని బోర్డు చూపించుకున్నాడు. తన చేతులకు బుద్ధి రావడం లేదని ఎనిమిదో లీవరు కూడా వేశాడు. పని కష్టమైందిగా అని కూలి మూడొందల యాభై చేశాడు. భార్య ప్రతిసారీ పక్కన కూర్చుని, చేతిలో ఏదో ఫ్రేము బిగిస్తూ, ఆయన వేళ్ళకేసి చూస్తూ ఉండేది.

సెలవులొచ్చాయి. బయల్దేరే ముందు సాయంత్రం తాళాలాయనకు ఉత్సాహం పట్టలేక ఆ రోజు కొట్టు సంపాదన, భార్య జీతంలో మిగిలింది, చిల్లరతో సహా చీలికలోంచి లోపలికి జారవిడిచాడు. రేపెలాగూ తెరిచేదేగా.

పొద్దున ఎనిమిదింటికి సంచులు సర్దేశారు. బస్సు పదింటికి. తాళాలాయన వంకీ తీగ తీసుకుని పెట్టె ముందు కూర్చుని, జేబు తడుముకుని, అలాగే ఉండిపోయాడు.

"ఏమైంది నాన్నా?"

"కూలి మూడొందల యాభై. చేతిలో చిల్లిగవ్వ లేదు."

"తెరిచాక అందులోంచి ఇచ్చెయ్యొచ్చుగా?"

"ముందు పని, తర్వాత డబ్బు అంటే అది అరువేనమ్మా. ఈసారి అప్పు లేకుండా అనుకున్నాం కదా."

"పోనీ పగలగొడితే?"

తాళాలాయన కూతురికేసి బాధగా చూశాడు. "తాళం పగలగొట్టేవాణ్ణి ఏమంటారో తెలుసా? దొంగ అంటారు."

ఇంత మంకుపట్టు మనిషికి పిల్లనిచ్చినవాళ్ళను అనాలి. గడియారం ఎనిమిదిన్నర చూపించింది. అప్పుడు వీధి చివర కీచుమంటూ చక్రాల చప్పుడు వినిపించింది. ముగ్గురికీ ఆ చప్పుడు బాగా తెలుసు. బావమరిది సూట్‌కేసు అది. ఎవరు చెప్పారో గాని, ఇస్త్రీ చొక్కా, ఎండ టోపీతో గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. సంగతంతా విని, పాపం కరిగిపోయి, జేబులోంచి మూడొందల యాభై తీసి చాచాడు.

"తీసుకో బావా. చేబదులనుకో. నేనూ వస్తాను, అంతే."

తాళాలాయన ఆ నోట్లకేసి చూశాడు. పెట్టెకేసి చూశాడు. గోడ మీది ఫొటోలకేసి చూడలేకపోయాడు. ఏడాదంతా తిననిది, కొననిది, అన్నీ ఆ పెట్టెలో ఉన్నాయి. ఈ మూడొందల యాభై పుచ్చుకుంటే అవన్నీ మళ్ళీ ఫ్యాను కింద మంచానికి పోతాయి. అయినా ఇంకో దారి కనిపించక చెయ్యి నెమ్మదిగా పైకి లేచింది.

"ఉండండి" అంది భార్య.

హ్యాండ్‌బ్యాగులోంచి కళ్ళద్దాల మరలు బిగించే సన్నటి స్క్రూడ్రైవరు తీసింది. జడలోంచి ఒక పిన్ను తీసి పళ్ళతో వంచింది. పెట్టె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, కళ్ళు మూసుకుని, లీవర్లు ఒక్కొక్కటే లెక్కపెడుతూ ఎత్తింది. ఎనిమిదోది టక్కుమంది. మూత లేచింది.

తాళాలాయన నోరు వెళ్ళబెట్టాడు. "నీకిది ఎప్పుడొచ్చింది?"

"నలభై ఒక్కసార్లు చూశాను కదండీ."

"మరి కూలి?" అన్నాడు, అలవాటు కొద్దీ, భయంగా.

"కిటికీ పక్క సీటు" అందావిడ.

లోపల డబ్బు ప్రయాణానికి అనుకున్నదానికి రెట్టింపుకు దగ్గరగా ఉంది. బావమరిది నోట్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మడవడం కాస్త నెమ్మదిగా మడిచాడు. "పోనీ, బస్సు దాకా సంచి మోసిపెడతాను" అన్నాడు. మోశాడు కూడా. బస్సు కదిలాక ఎండ టోపీ తీసి ఊపాడు. తాళాలాయనకు ఆ మనిషి మీద ఇంతకుముందెన్నడూ లేనంత ప్రేమ పొంగుకొచ్చింది.

మర్నాడు సముద్రం దగ్గర అమ్మాయి రెండు ఐస్‌క్రీంలు తింది. అవసరమా అని ఎవరూ అడగలేదు. తర్వాత ఫొటో తీసేవాణ్ణి పిలిచి ముగ్గురూ నిలబడ్డారు. అతను కెమెరా కంటికి పెట్టుకుని, మళ్ళీ దించాడు. తాళాలాయన ఆ చివర, భార్య ఈ చివర, పిల్ల కాస్త వంగి, పైన ఎవరిదో చంక ఉన్నట్టు. మధ్యలో సరిగ్గా ఒక మనిషి పట్టేంత చోటు.

"ఇంకెవరైనా రావాలా సార్?" అన్నాడతను.

ముగ్గురూ ఆ ఖాళీకేసి చూసుకున్నారు.

"లేదు" అంది ఆవిడ, మొదటగా మధ్యకు జరుగుతూ. "అందరం వచ్చేశాం."