అలారం మూగబోయిన మధ్యాహ్నం

తొంభైల్లో కర్ణాటక అంచున ఉండే మా పావగడ తాలూకాకు వానలు రావడం మానుకున్నాయి గానీ, సాయం చేసేవాళ్లు మాత్రం వరసబెట్టి వచ్చినారు. అట్లా వచ్చిందే మా బండి. యాడో పరాయి దేశంలో ఆలుమగలు పిల్లల్ని ఎక్కించుకొని సెలవులకు తిరిగే బండి అంట అది. లోపల మంచాలు, గ్యాస్ పొయ్యి, నిలబడితే మోచేతులు గోడలకు తగిలే కక్కసు, అన్నీ ఉండేవి. ఒక ధర్మ సంస్థ దాన్ని కొని, ఊరూరా తిరిగి కంటి పరీక్షలు చేయమని మాకిచ్చింది.

మేము ముగ్గురం. తుమకూరు నుంచి వచ్చిన డాక్టరుకు నలభై ఏళ్లుంటాయి, ఏ పనైనా పుస్తకంలో ఉన్నట్లే జరగాల. డ్రైవరన్న గొర్రెల కాపరుల ఇంట్లో పుట్టినాడు, ఏ యంత్రమైనా ఒక తన్ను తంతే మాట వింటాదని ఆయన నమ్మకం. నేను నర్సును. ఇరవై ఆరేళ్లు, నోరు కొంచెం ఎక్కువ.

బండి కప్పుకు ఒక తెల్ల డబ్బా బిగించి ఉండేది. విషగాలి చేరితే అరిచి చెప్తాదని డాక్టరు వివరించినాడు. వారానికోసారి, సోమవారం నాడు, దాని బటన్ నొక్కి, అది అరిస్తే రిజిస్టర్లో టిక్కు పెట్టడం నా పని. రెండు నెలలు ఒద్దికగా చేసినాను. ఆ తరువాత నుంచి నెలకు సరిపడా టిక్కులన్నీ ఒక్కసారే పెట్టేసేదాన్ని.

డబ్బాలో బ్యాటరీ నీరసించేసరికి అది నిమిషానికోసారి కీచుమనడం మొదలుపెట్టింది. "బల్లికి దగ్గు పట్టుకున్నట్లుండాది" అన్నాడు డ్రైవరన్న. డాక్టరు పావగడ నుంచి కొత్త బ్యాటరీ తెప్పించి మా చేతికిచ్చినాడు. అవి క్రికెట్ మ్యాచిల రోజులు. డ్రైవరన్న జేబు రేడియోకు పట్టేదీ అదే బ్యాటరీ.

"మ్యాచిలు అయిపోతానే డబ్బాలో పెట్టేస్తా సిస్టరమ్మా" అన్నాడు. "ఈ కొండల్లో విషగాలి యాడిది? మామూలు గాలికే దిక్కు లేదు."

నాకూ సబబుగానే తోచింది. పాత బ్యాటరీ పీకేసినాము, కీచు ఆగిపోయింది. ఆ నెల టిక్కులు కూడా పెట్టేసినాను.

ఎండాకాలంలో ఒకరోజు నిడుగల్లు కొండ కింద క్యాంపు పెట్టినాము. పొద్దున్నుంచి తొంభై మందికి పైగా కళ్లు చూసి, మధ్యాహ్నం ఊరి పెద్ద పంపిన సంగటి, వేటకూర లాగించినాము. బయట దుమ్ముగాలి లేచింది. కిటికీలన్నీ మూసేసినాము, వెనక కిటికీ మాత్రం జానెడు తెరిచి పెట్టినాము, జనరేటర్ వైరు దాంట్లో నుంచే లోపలికి రావాల గనక. జనరేటర్‌ను బండికి ఇరవై అడుగుల దూరంలో పెట్టాలని పుస్తకంలో రాసి ఉండాది. డ్రైవరన్న దానికి ఎండ దెబ్బ తగులుతాదని జాలిపడి, బండి నీడలో, సరిగ్గా ఆ కిటికీ కిందికే జరిపినాడు. ఫ్యాను తిరగతా ఉంటే ముగ్గురం పడుకున్నాము.

నాకు తల దిమ్ముగా అనిపించింది. కూరలో కొవ్వు ఎక్కువైందనుకున్నా. లేచి నీళ్లు తాగాలనుకున్నా గానీ, కాళ్లు నావి గానట్లు ఉండాయి. సరేలే, దప్పిక తరువాత తీర్చుకుందామని మళ్లీ కళ్లు మూసుకున్నా. అంతకు మించి నాకు గుర్తు లేదు.

తరువాత తెలిసింది ఎవరో నా జడ పట్టుకొని గుంజుతున్నారని. పొద్దున మేము రెండు కళ్లకూ పొర ఉందని చెప్పి, సాయంత్రం రమ్మని పంపించిన గొర్రెలు మేపే ముసలామె. చెప్పిన టయానికి ముందే వచ్చి, ఎంత తట్టినా పలక్కపోతే తలుపు లాగిందంట. నన్ను మెట్ల మీద నుంచి ఈడ్చి, కంపచెట్టు దగ్గర పడేసింది. తిన్న వేటకూరంతా ఆడనే కక్కినాను.

"ఆ మిషిను ఆర్పు" అనింది. "బాయిలో నీళ్లు అడుక్కు పోయినాయని మా మరిది ఇంజిన్ను బాయిలోకే దింపినాడు. ఆ పొగకు ఇట్లనే తూలి పన్యాడు. పైకి తీసేసరికి లేడు."

పాక్కుంటా పోయి జనరేటర్ ఆపినాను. ఇద్దరం కలిసి డాక్టరును చేతులు పట్టి ఈడ్చినాము. ఆమె వయసు డెబ్భై, ఆయన బరువు అంతకన్నా ఎక్కువే. ముందు సీట్లో ఉన్న డ్రైవరన్న తలుపు తెరవంగానే జారి నా మీదనే పడినాడు. రేడియోలో ఎవరో అవుటయినారని చెప్తా ఉండారు.

గాలి తగిలినాక ఇద్దరూ కళ్లు తెరిచినారు. ఊరోళ్లు జీపులో పావగడ ఆసుపత్రికి తీసుకుపోయినారు. మూతికి ఆక్సిజన్ తొడుగు పెట్టుకొని ముగ్గురం వరుసగా పడుకున్నాము. మరుసటి రోజు మధ్యాహ్నానికి డాక్టరు మాట్లాడే స్థితికొచ్చినాడు.

"ఆ పొగలో ఉండే విషగాలికి వాసన ఉండదు" అన్నాడు కన్నడంలో. "అందుకే ఆ డబ్బా పెట్టేది. అది ఎందుకు అరవలేదు?"

డ్రైవరన్న గోడ వైపు తిరిగినాడు. నేను అబద్ధం ఒకటి వెతికినాను, దొరకలేదు.

"దాంట్లో బ్యాటరీ లేదు సార్. అన్న రేడియోకు ఇచ్చినాము. టిక్కులు నేను ఉత్తుత్తిగా పెట్టినాను."

తిడతాడని ఎదురుచూసినాను. "నేనూ ఆ రిజిస్టర్ మీద ప్రతి నెలా సంతకం పెట్టినాను" అన్నాడు. "ఒక్కసారి కూడా తల ఎత్తి డబ్బాను చూడలేదు." ఆ మాట తిట్టుకన్నా గట్టిగా తగిలింది. సంస్థకు ఆయన జరిగింది జరిగినట్లే రాసినాడు. ఉద్యోగం పోతాదని నేను పెట్టె సర్దుకున్నా గానీ, వాళ్లు పొడుగాటి వైరు ఒకటి పంపి ఊరుకున్నారు.

ఆ తరువాత జనరేటర్ ఎప్పుడూ బండికి దూరంగానే, గాలి వాటం చూసి పెట్టినాము. సోమవారం సోమవారం నేను కొత్త బ్యాటరీ వేసిన డబ్బా బటన్ నొక్కితే అది పెట్టే కూతకు చుట్టుపక్కల గొర్రెలు చెల్లాచెదరయ్యేవి. కాపరులు నన్ను నోరారా తిట్టేవాళ్లు, నేను నోరు మూసుకొని పడేదాన్ని.

ముసలామెకు తుమకూరులో ఆపరేషన్ చేయించినాము. పట్టీ విప్పిన రోజు నేనే ఎదురుగా ఉండాను. నా ముఖం కిందికీ పైకీ చూసింది.

"నువ్వేనా నేను ఈడ్చింది" అనింది. "బో బరువుంటివి గదమ్మా, చూస్తే ఇంత సన్నంగా ఉండావు."