మీద రేకు, కింద రబ్బరు

మా బాపు ఆ వ్యాన్ కొనుక్కొచ్చిన రోజు మా అమ్మ పొయ్యి వెలిగించలేదు. కోపమొచ్చిందని నోటితో అనలేదు. గడప మీద కూర్చొని చేట ముందేసుకుని, రాళ్లే లేని బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉండిపోయింది.

మేడ్చల్ రోడ్డు మీద బాపుకు వెల్డింగ్ షాపు ఉండేది. గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసేవాడు. తొంభైల చివర్లో మా చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లయి, వాటిల్లో ఇండ్లు లేస్తున్నాయి. ఇల్లు లేస్తే గేటు కావాల్సిందే కాబట్టి గిరాకీ బాగానే ఉండేది. ఆ ధైర్యంతోనే సుచిత్ర దగ్గర ఎవరో పెద్ద కుటుంబం వాళ్లు వాడి వాడి విసిగిపోయిన వ్యాన్‌ను తెచ్చి మా గల్లీలో ఆపి, దీన్ని ఇల్లు చేస్తానన్నాడు.

"ఉన్న ఇల్లు ఊడ్సుకునేతందుకే పానం పోతాంది. ఇంకో ఇల్లెందుకు?" అంది అమ్మ.

"అవ్వ నిద్ర కోసం" అన్నాడు బాపు.

అమ్మ చేట పక్కన పెట్టింది. ఆ నిద్ర నా గురించే.

నాకు ఏడాది నిండకముందే విషజ్వరం వచ్చిందట. డాక్టర్లు చేయాల్సింది చేస్తుంటే, బాపు వాళ్ల అమ్మ, అంటే మా అవ్వ, తను చేయాల్సింది తను చేసింది. పిల్ల బతికితే గుట్ట కింద ఐదు నిద్రలు చేస్తానని మల్లన్నకు మొక్కింది. జాతరకు పోయి, కొత్త కుండలో బోనం వండి, ఆ రాత్రి దేవుడి దగ్గరే పడుకొని తెల్లారినాక ఇంటికి రావడాన్ని మా దిక్కు నిద్ర చేయడం అంటారు. ఏడాదికొకటి చొప్పున అవ్వ నాలుగు నిద్రలు చేసింది. ఐదోది మిగిలి ఉండగానే ఆమె మోకాళ్లు పట్టేశాయి. బస్సు మెట్టు ఎక్కలేకపోయేది. నేల మీద పడుకోబెడితే మళ్లీ లేపేటప్పుడు ఆమె పెట్టే కేకలు మేం వినలేకపోయేవాళ్లం.

మొక్కు తీరేదాకా నేను ఆమె దృష్టిలో మా ఇంటి పిల్లను కాను. ఎవరైనా "ఎవలి పిల్ల?" అని అడిగితే అవ్వ ఠక్కున "మల్లన్న పిల్ల. ఇంకా మాది కాలే" అనేది. చిన్నప్పుడు గొప్పగా ఉండేది. ఇంటర్మీడియట్‌కు వచ్చాక చిరాకేసేది. "మరి మల్లన్నే నాకు బస్ పాస్ తీసుకొస్తడా?" అని ఒకసారి ఎదురు చెప్పి అమ్మ చేత మొట్టికాయ తిన్నాను. కానీ తను పోతే ఆ ఒక్క నిద్ర నా నెత్తిన ఉండిపోతుందని అవ్వ నిజంగానే భయపడేది. నాకు తలనొప్పి వచ్చినా సరే, ఆమె గుట్ట ఉన్న దిక్కు చూసేది.

బాపు వ్యాన్ వెనక సీట్లు పీకి మిద్దె మీద పెట్టాడు. వాటిల్లో ఒకదాంట్లో గల్లీ పిల్లి పిల్లల్ని పెట్టింది. సీట్ల జాగాలో ఇనుప పైపులతో పడుకోవడానికి పక్క చేసి, దాన్ని వ్యాన్ అడుగుకే వెల్డింగ్ కొట్టేశాడు. పక్కింటాయన బోల్టులు పెట్టుకోవచ్చు కదా అన్నందుకు బాపు మొహం మాడ్చుకున్నాడు. బోల్టు అనేది చేతకానివాళ్లు వాడేదని ఆయన నమ్మకం. మా ఇంట్లో తులసికోట తప్ప అన్నిటికీ ఆయన వెల్డింగ్ ఉంది. పక్క పైన పరుపు, పక్కన నీళ్ల డ్రమ్ము, తలుపు దగ్గర స్టవ్ పెట్టుకోవడానికి గూడు. చూడటానికి బాగానే ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి.

ఇల్లన్నాడు గానీ, ఆ ఇల్లు మమ్మల్ని పెట్టిన తిప్పలు అసలు ఇల్లు ఎప్పుడూ పెట్టలేదు. ఏడాదిలో పదకొండు నెలలు అది నిలబడే ఉండేది, నిలబడ్డ బండికి బ్యాటరీ కూర్చుండిపోయేది. స్టార్ట్ చేయాలంటే గల్లీ అంతా కలిసి తోయాలి. తోసినవాళ్లందరికీ అమ్మ చాయ్ పెట్టాలి. ఎదురింటావిడ ముగ్గు వేసుకునే జాగా పోయిందని పోట్లాడితే బాపు బండిని మలుపు దగ్గరికి జరిపాడు. అక్కడ నీళ్ల ట్యాంకర్ తిరగడం లేదని ఇంకొకాయన వచ్చాడు. ఇక చుట్టాలు. సొంత బండి కాబట్టి కిరాయికి తిప్పకూడదు, తిప్పితే పట్టుకుంటారు. ఆ సంగతి మా చుట్టాలకు మాకంటే బాగా తెలుసు. "కిరాయి ఎట్లా తీసుకోవు గద బావా, డీజిల్ మేం పోసుకుంటం" అని పెండ్లిండ్లకు పట్టుకపోయేవాళ్లు. తిరిగొచ్చేటప్పుడు బండిలో అక్షింతలు ఉండేవి, డీజిల్ ఉండేది కాదు.

మొదటి ఏడాది జాతరకు బయల్దేరాం. దారిలో ఆపిన పోలీసాయన లోపలికి తొంగిచూసి, "బండిల గ్యాస్ సిలిండర్ ఏంది? దింపుండ్రి" అన్నాడు. వెనక్కి తిరిగొచ్చి సిలిండర్ ఇంట్లో పెట్టి, కిరోసిన్ స్టవ్ తీసుకొని మళ్లీ బయల్దేరాం. శామీర్‌పేట చెరువు దగ్గర ఆగి అన్నం వండుకుందామని స్టవ్ వెలిగిస్తే, ఒకాయన సైకిల్ దిగి ఇక్కడ వండొద్దన్నాడు. జింకల పార్కు గేటు దగ్గర ఆపితే అక్కడ ఆపొద్దన్నారు. ఇల్లు వెంటపెట్టుకొని తిరుగుతూ, ఆకలితో అటుకులు నములుతూ గుట్ట చేరాం. అవ్వను మాత్రం పక్క మీద రాణిలా పడుకోబెట్టాం.

తెల్లారి ఆమె మొహం వేలాడేసుకొని ఉంది.

"నిద్ర పట్టలేదా అవ్వా?" అన్నాను.

"పట్టింది. చెల్లలే."

"చెల్లకపోవుడేంది?" బాపు గొంతు లేచింది.

"మీద రేకు, కింద రబ్బరు. ఈ డబ్బల పండుకుంటే దేవునికి నేనెట్ల కనవడుత కొడుకా? నేల తగల్లే, ఆకాశం తగల్లే. నీ షాపుల పండుకున్నట్టే ఉన్నది."

బాపు బండి తీశాడు. దారంతా గేర్లను కొట్టినట్టు మారుస్తూ ఇంటికి తెచ్చాడు. ఆ మొక్కు అలాగే ఉండిపోయింది. నాకైతే ఏడుపొచ్చింది. అవ్వ మీద కోపమో, బాపు మీద జాలో నాకే తెలియదు.

మరుసటేడు జాతర జరిగే ఆదివారాలు దగ్గరపడుతుండగా కొత్త పరేషాన్ వచ్చింది. వ్యాన్‌కు పదిహేనేండ్లు నిండాయి. మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, బండిని ఆర్టీవో ఆఫీసుకు తీసుకుపోయి చూపించాలి. కాగితాల మీద ఎన్ని సీట్లుంటే బండిలో అన్ని సీట్లుండాలని, పక్క కనబడితే బండినే ఆపేస్తారని షాపుకొచ్చిన ప్రతివాడూ భయపెట్టాడు. బాపు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు గ్యాస్ కట్టర్ తెచ్చి, తన చేత్తో చేసిన పక్కను తన చేత్తోనే కోశాడు. వెల్డింగ్ గట్టిగా ఉన్నందుకు అడుగు రేకు కూడా ముక్కలుగా ఊడొచ్చింది. దానికి మళ్లీ రేకు అతికి, పైన మ్యాట్ పరిచి, మిద్దె మీది సీట్లు దులిపి బిగించాడు. ఈసారి బోల్టులతో.

పక్క కోస్తున్న చప్పుడు విని, బండిని అమ్మేస్తున్నారని అవ్వ అనుకుంది. ఆఫీసుకు పోయే రోజు పొద్దున మేం చూసేసరికి గల్లీ పిల్లలతో స్టూల్ వేయించుకొని ఎక్కి, సీటులో కూర్చొని ఉంది. దిగనంది. బతిమాలాం, కోప్పడ్డాం. "నన్ను గూడ అమ్ముండ్రి" అంది. గత్యంతరం లేక అలాగే తీసుకుపోయాం. ఆమెను పట్టుకోవడానికి నేను పక్కన కూర్చున్నాను.

ఇన్‌స్పెక్టర్ బ్రేకులు, లైట్లు చూసి, లోపలికి తొంగిచూశాడు.

"ఏం అవ్వా, నువ్వెందుకొచ్చినవ్?"

అంతే. అవ్వ మొత్తం చెప్పింది. "ఈడ నా మంచం ఉండె సారూ. గీడ స్టవ్. మీరు పట్టుకుంటరని నా కొడుకు రాతిరి పగలు అదే రంది పెట్టుకొని కోసేసిండు. ఇగ నేను ఐదో నిద్ర ఎట్ల జేయాలె?" జ్వరం, మొక్కు, రేకు, రబ్బరు, ఒక్కటీ వదల్లేదు. బాపు బండి వెనకాల నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాడు. మా బండి పని అయిపోయిందనుకున్నాను.

ఇన్‌స్పెక్టర్ బాపును పిలిచాడు. బాపు చేతులు కట్టుకొని వచ్చాడు.

"బండిల మంచం అతికిస్తే తప్పు. కాయిదాలల్ల రాయించుకోవాలె. సరే, కోసేసినవ్. మరి అవ్వకు ఇంట్ల నులక మంచం లేదా?"

"ఉంది సార్."

"దాన్ని పైన క్యారియర్ మీద కట్టుకొని పో. అది సామాను. ఎవలు అడుగుతరు? గుట్ట కాడ దించి ఏసుకోండ్రి." తర్వాత ఎడమ దిక్కు ఇండికేటర్ వెలగడం లేదని, అది బాగుచేసుకొని రమ్మని రాసి, తర్వాతి బండి దగ్గరికి పోయాడు.

ఇన్నాళ్ల తిప్పలకు జవాబు మా వాకిట్లో వేప చెట్టుకు ఆనించి ఉంది. దాని మీద అమ్మ వడియాలు ఎండబెట్టేది. నాకు నవ్వాగలేదు. బాపు నన్ను ఉరిమి చూసి, ఆ వెంటనే తనూ నవ్వాడు.

"ముందుగాలనే నువ్వు జెప్పరాదా అవ్వా?" అన్నాను.

"నన్నెవలడిగిండ్రు? ఇల్లు కడుతున్న ఇల్లు కడుతున్న అని వాడే మురిసిపాయె."

వారం తిరగకుండా ఇండికేటర్ వెలిగింది, కాగితం చేతికొచ్చింది. ఆ కాగితాన్ని అమ్మ దేవుడి పటం వెనక దాచింది. ఆ ఆదివారమే బయల్దేరాం. ఈసారి ఎవరూ ఆపలేదు. ఇంటి దగ్గరే పులిహోర కట్టుకున్నాం, చెరువు దగ్గర దిగి తిన్నాం, విస్తర్లు సంచిలో వేసుకున్నాం. గుట్ట కింద బోనం వండాక, బాపు వ్యాన్ పైకెక్కి తాళ్లు విప్పి మంచం దించాడు. గుడి శిఖరం కనబడేలా వేశాడు. కదలకుండా ఉందో లేదో నాలుగు కోళ్లూ ఒక్కొక్కటే నొక్కి చూశాడు. పొద్దు వాలుతుండగా అవ్వను ఎత్తి పడుకోబెట్టి నేను దుప్పటి కప్పబోతే, మొహం మీదికి రానియ్యకు, ఆకాశం కనబడాలి అంది.

తెల్లారి లేచేసరికి అవ్వ నాకంటే ముందే మంచం మీద కూర్చొని ఉంది. దగ్గరికి పిలిచి, నా నుదుటి నిండా పసుపు బండారి రాసింది. చెల్లిందా అని అడగడానికి బాపుకు ధైర్యం చాల్లేదు. తాళ్లు చుట్టుకుంటూ చెవి ఇటే పెట్టాడు.

పక్కన డేరా వేసుకున్న ఒకామె నీళ్ల బిందెతో పోతూ ఆగింది.

"అవ్వా, ఎవలి పిల్ల?"

అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"మా పిల్ల" అంది.