బీరువా తలుపు మీది దండలు

మా ఇంట్లో తేడా ఒక కాగితం మడత దగ్గర మొదలైంది. నాది పుస్తకాల బైండింగు పని. వరంగల్‌లో ఇంటి ముందు గదిలోనే చేస్తాను. ప్రెస్సు నుంచి వచ్చే పెద్ద కాగితాలను పేజీల వరుస తప్పకుండా మడిచేది నా భార్య సమ్మక్క. బడికి పోని నేను బైండింగుకు వచ్చిన పుస్తకాలనే కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఆమెకు మాత్రం అంకెలు నేర్పి ఊరుకున్నాను. నలభై ఏళ్లలో ఆమె చేతిలో వరుస తప్పింది లేదు. ఆ రోజు ఒకటో పేజీ తర్వాత పదమూడు వచ్చింది. చూపిస్తే నా మీదనే గయ్యిమన్నది.

"ఎప్పుడు ఇట్లనే గదనయ్యా మడిచేది! నీకే కండ్లు మసకలైనయి."

ఆ నెలలోనే మా వీధిలో నిలబడి, మా ఇల్లు ఏదని పక్కింటి వాళ్లను అడిగింది. దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు తలెత్తకుండానే, "పెద్దాయనా, ఈ ఏజ్‌ల ఇవన్నీ కామనే" అన్నాడు.

"నాకు ఆమె కన్నా ఆరేండ్లు ఎక్కువ. నాకెందుకు కామన్ కాలే సారూ?" అన్నాను. బలం గోలీలు రాసిచ్చి తర్వాతి పేషెంటును పిలిచాడు. అట్లా ఆరు నెలలు పోయాయి. నా జ్ఞాపకం గట్టిది. ఆ మాటా మరిచిపోలేదు, ఆ ఆరు నెలలూ మరిచిపోలేదు.

మా ఒక్కగానొక్క బిడ్డ రజిత అత్తగారిల్లు నెక్కొండ. ఆమె వచ్చి కొట్లాడి మమ్మల్ని హన్మకొండలో న్యూరో డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. బ్లడ్ టెస్టులు, థైరాయిడ్, ఎమ్మారై అన్నీ అయ్యాయి. డాక్టరు కాగితమిచ్చి గడియారం బొమ్మ గీయమంటే సమ్మక్క నవ్వింది.

"గింత పెద్ద దవాఖాన గట్టినవ్, గోడకు గడియారం లేదా సారూ?"

అందరం నవ్వాం. కాగితం మాత్రం ఖాళీగానే ఉంది.

"అల్జీమర్స్" అన్నాడు డాక్టరు. "మందులతో కొంచెం స్లో చేయగలం. రివర్స్ చేయలేం."

"ఆరు నెలల కింద వస్తే?" అని అడిగాను.

ఆయన రిపోర్టు వైపు చూస్తూ, "కొంత టైం దొరికేది" అన్నాడు.

ఆ గోలీ పడక సమ్మక్కకు వాంతులయ్యాయి. డోసు తగ్గించారు. ఒకరోజు ఫోన్లో రజితను, "నువ్వు ఎవరి బిడ్డవు?" అని అడిగింది. మందు ఏం చేసినా చేయకపోయినా, కన్నబిడ్డ ముఖమైనా ఆమెకు మిగలాలనుకున్నాను.

హన్మకొండ దవాఖానలోని నర్సు ఉపాయం చెప్పింది. "తాతా, ఇంట్ల మనుషుల ఫొటోలతోటి మెమరీ బోర్డు జెయ్యి. మ్యాగ్నెట్లు పెడితే చేతులకు తీసుకొని చూస్తది. చిన్నయి పెట్టకు, నోట్లె ఏసుకుంటరు."

పాత ఇనప బీరువా తలుపు ఊడదీసి, ఆమె కూర్చునే చోట గోడకు బిగించాను. పుస్తకాల అట్టల లోపల వేసే రంగుల కాగితం మైదాతో కాచిన లై జిగురు పెట్టి దాని మీద అతికించాను. రజిత, అల్లుడు, మరిపెడలో ఉండే బామ్మర్ది, నేను. నాలుగు ఫొటోలు మందపాటి అట్టకు అంటించి, వెనక పెద్ద అయస్కాంతం బిళ్లలు పెట్టాను. కింద పెద్ద అక్షరాలతో పేర్లు రాశాను. అక్కడ ఆపాల్సింది. పనోడి చెయ్యి ఆగలేదు. ముడతల కాగితం సన్నగా కత్తిరించి, బంతిపూలు చుట్టి, ఒక్కో ఫొటోకు ఒక్కో దండ కట్టాను. మూడు రోజుల పని. చూసుకుని నేనే మురిసిపోయాను.

పొద్దున్నే సమ్మక్కను దాని ముందు కూర్చోబెట్టాను. రజిత ఫొటో మీది పూలను వేలితో తడిమింది.

"ఎన్ని దినాలాయె?"

"ఏంది?"

"నా బిడ్డ పోయి ఎన్ని దినాలాయె? నాకు ఒక్కరన్న జెప్పకపోతిరి!"

రొమ్ము బాదుకుంటూ నేల మీద పడింది. మన ఇళ్లలో దండ ఎవరి ఫొటోకు వేస్తారో నాకు అప్పుడు తట్టింది. ఆమె చదవలేని పేర్లు అంత పెద్దగా రాశాను. ఆమె చదవగలిగింది దండ ఒక్కటే.

దండలన్నీ పీకి పారేశాను. ఫోన్ చేస్తే మధ్యాహ్నం రైలుకు రజిత దిగింది.

"అమ్మా, నన్ను జూడే. నేనే. మంచిగున్న."

సమ్మక్క ఆమె చెయ్యి పట్టుకుంది. "సల్లగుండు బిడ్డా, పలకరియ్యొచ్చినవ్. నా రజిత గూడ నీ ఈడుదే ఉండె."

వంటింట్లో రజిత నన్ను తిట్టలేదు. "పూలెందుకు పెట్టినవ్ బాపూ?" అని మాత్రం అడిగింది. "అందంగ ఉంటదని పెట్టిన బిడ్డా" అన్నాను.

న్యూరో డాక్టరును అడిగితే, "జరిగింది మర్చిపోతారు, ఆ బాధ మాత్రం మిగుల్తది" అన్నాడు. ఇదేం న్యాయం? పొద్దున తిన్నది పది గంటలకు గుర్తుండదు గానీ, చావని బిడ్డ చావు గుర్తుంటుందా? మొదటి డాక్టరును తిట్టుకోవడానికి నాకు నోరుండేది. ఈ పని చేసింది నేనే.

రెండేళ్లయింది. ఇప్పుడు ఏడవదు. గోలీలు నడుస్తున్నాయి, అయినా దిగజారుతూనే ఉంది. స్నానం, అన్నం అన్నీ నా చేతి మీదనే. నన్ను అన్నా అని పిలుస్తుంది. మొన్న చాయ్ తాగిస్తుంటే అన్నది:

"మా ఆయన గూడ నీ లెక్కనే బైండింగు జేసేటోడు అన్నా. మస్తు పనోడు."

"ఎట్ల పోయిండు?" అని అడిగాను.

"ఏమో. ఫొటోకు దండేసిండ్రు."

ఇట్లాంటి మనిషి మీ ఇంట్లో ఉంటే బోర్డు తప్పకుండా చేయండి. ఫొటో చుట్టూ తెల్లగా వదిలేయండి. మొదటిసారి చూపించేటప్పుడు ఆ ఫొటోలోని మనిషిని పక్కన నిలబెట్టండి. మీ చేతిలో ఎంత పనితనమున్నా సరే, పువ్వు మాత్రం పెట్టకండి.