తడిపి కట్టిన నారముడి

పడవలోంచి ఇనుపకడ్డీని నీళ్లలోకి దించి స్పానరుతో కొడుతూనే ఉన్నాను. మూడు దెబ్బలు, ఆగడం, మళ్లీ మూడు దెబ్బలు. అడుగున ఉన్నవాళ్లకి పైకి రమ్మని గుర్తు అది. బుడగలు మాత్రం దూరంగానే తేలుతున్నాయి, మావైపు రావడం లేదు.

"ఏటయిందే గుంటా? సేపలన్నీ పారిపోతన్నాయి," అన్నాడు పడవ నడిపే సోమన్న మామ.

నేను కడ్డీని ఇంకాస్త లోతుకి దించి, ఇంకా గట్టిగా కొట్టాను.

అది 2003 చలికాలం, అనంతగిరి కొండల్లో ఒక రిజర్వాయరు. పదో తరగతి తప్పి, వైజాగులో స్కూబా డైవింగ్ నేర్పే షాపులో సామాన్లు చూసే పనికి చేరి అప్పటికి రెండేళ్లయింది. తుఫాను తర్వాత సముద్రం ఇంకా కలకగానే ఉందని ఓనరు అప్పారావు సారు కొండమీదికి ప్రయాణం పెట్టారు. నాది హుకుంపేట వైపే కాబట్టి నన్నూ రమ్మన్నారు. సారు దగ్గర నేర్చుకుంటున్నది సుధ మేడం, స్కూలు టీచరు; నీళ్లలోకి దిగేది వాళ్లిద్దరే. ఈతకొలను దాటి బయట నీళ్లలో దిగడం ఆవిడకి రెండోసారి. భయానికి గబగబా పీల్చేస్తారు, సిలిండరు తొందరగా ఖాళీ అవుతుంది.

సిలిండరు మెడమీద బిగించే రెగ్యులేటరు నుంచి రబ్బరు గొట్టాలు వస్తాయి, వాటిని హోస్ అంటారు. ఒకటి మన నోటికి, ఒకటి గాలి ఎంత మిగిలిందో చూపే మీటరుకి. ఇంకోటి పసుపుపచ్చది, ఆక్టోపస్. అది మనకి కాదు, పక్కవాళ్లకి. వాళ్ల గాలి అయిపోతే మన ఆక్టోపస్ లాక్కుని నోట్లో పెట్టుకుంటారు. దీనికి ఎంత పొడుగు హోస్ పెట్టాలన్నదే ఆ పొద్దున్న మా చర్చ.

"పొట్టిది పెట్టీనా సారూ? సిక్కుపడదు."

"కొత్తమనిసికి గాలందకపోతే మన మీదడిపోద్ది. పొడుగుదుంటే కాస్త ఎడం దొరుకుతాది. అదే పెట్టు. కానీ బురదలో ఈడ్సకుండా సూడు, మొన్న నా నోటినిండా ఇసకే."

సారు సెట్టుకి పొడుగుదే బిగించాను. దాన్ని ఛాతీ దగ్గర పట్టి ఉంచే క్లిప్పు విరిగిపోయి ఉంది. నా సంచిలో అడ్డాకుల కట్టకి చుట్టిన నార ఉంటే అది తీశాను. మా ఊళ్లో కావిడికి బరువు కట్టేముందు నారని తడుపుతాం, ముడి గట్టిగా పట్టేస్తుందని. చెయ్యి అలవాటు. తడిపి, ఆక్టోపస్‌ని సారు ఛాతీ పట్టీకి రెండు ముళ్లు వేసి కట్టి, ఎంత కుదురుగా ఉందో అని మురిసిపోయాను కూడా.

వాళ్లు దిగి పది నిమిషాలయ్యాక సోమన్న మామ వలకి బెండు కడుతూ నారని నీళ్లలో ముంచాడు.

"తడిపి కట్టేవంటే ఏనుగు లాగినా రాదు. ఇప్పాలంటే కత్తెట్టాల్సిందే," అన్నాడు గొప్పగా.

నవ్వబోయాను. అంతలోనే పొద్దున్న నేను తడిపి కట్టిన నార గుర్తొచ్చింది. మేడంకి గాలి అయిపోతే ఆవిడ లాగేది ఆ ముడినే. పిలిస్తే నా తప్పు బయటపడుతుంది, పని పోవచ్చు. పిలవకపోతే... స్పానరు అందుకున్నాను.

ఎన్నిసార్లు కొట్టానో తెలీదు. ఆఖరికి బుడగలు మావైపు తిరిగాయి. రెండు తలలూ తేలాయి.

"ఏటయింది? ఎవులికేటయింది?" సారు అడిగారు.

"ఆక్టోపస్ లాగండి సారూ."

లాగారు. రాలేదు. రెండుచేతులా లాగారు. మేడం కూడా పట్టి లాగారు. సారు కాలికున్న కత్తి తీసి నారని కోశారు.

మేడం మీటరులో ఇంకా సగం గాలి ఉంది. అయినా ఆవిడ మొహం పాలిపోయింది. "నేను దీన్ని నమ్ముకునే దిగానా?" అన్నారు మెల్లగా.

ఒడ్డుకొచ్చాక సారు తిట్టలేదు. "రేపు కూడా నువ్వే కడతావు," అన్నారంతే. తిట్టినా బాగుండేది.

బరువు ఊడిపోకుండా కట్టడం ఇంట్లో నేర్చుకున్నాను. ఒక్క లాగుకి ఊడి రావాల్సినవీ ఉంటాయని, దిగేముందు లాగి చూడాలని ఈ పని నేర్పింది.

మర్నాడు పొద్దున్నే సైకిలు షాపులో పాత ట్యూబు అడిగి తెచ్చి సన్నటి రింగు కోసి, సారు ఛాతీ పట్టీకి తగిలించాను. హోస్ పొడుగుదే ఉంచి, సారు కుడిచంక కిందనుంచి తిప్పి, ఆక్టోపస్‌ని ఆ రింగులో గుచ్చాను. సారు నడుంలోతు నీళ్లలో నిలబడ్డారు. నేనూ ఆ చన్నీళ్లలోకి దిగి, కళ్లు మూసుకుని లాగాను. వచ్చింది. మళ్లీ గుచ్చి మేడంని పిలిచాను.

"ఇప్పుడు మీరు లాగండి మేడం. కళ్లు మూసుకోండి."

"రాకపోతే?"

"రాకపోతే ఇయాల ఎవులూ దిగరు."

ఆవిడ కళ్లు మూసుకుని తడుముకుంటూ లాగారు. రబ్బరు వదిలేసింది. దాన్ని మళ్లీ గుచ్చి, "ఇప్పుడు ఎడంచేత్తో," అన్నాను.